ప్రజాగాయకుడు గరిమెళ్ళ సత్యనారాయణ

మా కళాశాల విద్యార్థులలో కొందరు జమైకా గాయకుడు బాబ్ మార్లీ బొమ్మ అచ్చువేసిన చొక్కాలు తొడుక్కొని తరగతికి వస్తుంటారు. జడలు కట్టిన ఆ జుట్టునూ, ఆ గిటారునూ చూపి ఈయన ఎవరని మేము అడిగినప్పుడు ఒకరిద్దరు తప్ప తక్కినవారు తల వంచుకొని నవ్వి ఊరుకున్నారు. ఆ ఒకరిద్దరే ఈ సంచికకు ఆయన జీవితాన్ని గూర్చి వ్రాయవలసిందని కోరారు. కోరిక మంచిదే. 1945 ఫిబ్రవరి 6న జమైకా దీవిలోని నైన్ మైల్ అనే పల్లెలో పుట్టి, కింగ్‌స్టన్ నగరపు పేదవాడలలో పెరిగి, రెగే అనే కొత్త బాణీలో తన జాతి అనుభవించిన బానిసత్వాన్నీ, చంపుకోలేని ఆత్మాభిమానాన్నీ లోకమంతటికీ వినిపించిన మనిషి గాథ ఏ విద్యార్థికైనా తెలియవలసినదే. వ్రాయడానికి కూర్చున్నాము కూడా. కాని నాలుగు వాక్యాలు సాగేసరికి కలం ఆగిపోయింది. పాట కట్టి, పాట పాడి, ఆ పాట కోసమే సంకెళ్ళు వేయించుకొన్న మనిషి ఒకరు మన గడప ముందరే పుట్టి ఉండగా సముద్రాలు దాటిపోవడం ఎందుకు? మా మూలపేట నుండి టెక్కలి మీదుగా నరసన్నపేటకు పోవడం ఒక పూట ప్రయాణమైనా కాదు. ఆ నరసన్నపేట చెంతనున్న గోనెపాడు గ్రామంలో 1893 జూలై 14న జన్మించిన గరిమెళ్ళ సత్యనారాయణగారి బొమ్మ మాత్రం ఎవరి చొక్కా మీదా మాకు కనిపించలేదు. అందుచేత మార్లీని మధ్యలో ఒకసారి పలకరించి వస్తాము గాని, ఈ వ్యాసం గరిమెళ్ళవారిది.

ఆయన పుట్టేనాటికి శ్రీకాకుళం జిల్లా అన్న పేరే లేదు. నరసన్నపేట, టెక్కలి, సోంపేట ప్రాంతాలన్నీ మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాలో ఉండేవి. 1936లో ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు ఈ తెలుగు తాలూకాలు విశాఖపట్నం జిల్లాలో చేరినవి. 1950లో గాని శ్రీకాకుళం విడి జిల్లా కాలేదు. తెలుగు పలుకూ ఒడియా పలుకూ ఒకే సంతలో వినిపించే ఈ మూలకు పండిత లోకంలో పెద్ద పేరు లేకపోయినా, తెలుగు వ్రాతను జనం నోటికి దగ్గర చేయాలన్న ఉద్యమానికి ఈ ప్రాంతమే పుట్టినిల్లు. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులుగారు వాడుక భాష పక్షాన నిలిచి ఒంటిచేతితో పోరాడుతున్న కాలమది. విజయనగరంలో గురజాడ అప్పారావుగారు ముత్యాలసరాలు కూర్చి 1915లో కన్నుమూశారు. గరిమెళ్ళవారు పెరిగినది ఈ గాలిలోనే.

తండ్రి వెంకటనరసింహంగారు, తల్లి సూరమ్మగారు. కుటుంబం పేదది. పిల్లవాని తెలివిని గుర్తించిన ఒక న్యాయవాది ఆదరణతో చదువు సాగింది. బి.ఏ. పట్టం చేతికి వచ్చింది. ఆ రోజులలో బి.ఏ. అంటే ఊరికి ఒక్కరు కూడా లేని కాలం సుమా! గంజాం జిల్లా కలెక్టరు కచేరీలో గుమాస్తాగా కొంతకాలం, విజయనగరంలో ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడుగా కొంతకాలం పనిచేశారు. ఆ కచేరీ కుర్చీలోనే కదలకుండా కూర్చొని ఉంటే గుమాస్తా శిరస్తాదారయ్యేవాడు, శిరస్తాదారు పింఛను పుచ్చుకొని ఇంటి అరుగు మీద మనుమలను ఆడించుకొనేవాడు. ఈ పింఛను మాటను పాఠకులు గుర్తుంచుకోవలసిందని మనవి.

1920వ సంవత్సరం వచ్చింది. కలకత్తాలోనూ నాగపూరులోనూ జరిగిన కాంగ్రెసు సభలు సహాయ నిరాకరణను అంగీకరించినవి. బిరుదులు వదలండి, కోర్టులు వదలండి, సర్కారు బడులు వదలండి, విదేశీ వస్త్రాన్ని వదలండి అన్న పిలుపు పల్లెపల్లెకూ పాకింది. ఖిలాఫత్ ఉద్యమం దానితో చేయి కలిపింది. మా ఉర్దూ విద్యార్థులకు ఈ కాలపు చరిత్ర అలీ సోదరుల పేరుతో తెలుసు. కాని ఆ సోదరులలో చిన్నవారైన మౌలానా మహమ్మదలీ గాంధీగారితో కలసి రైలులో దక్షిణానికి పోతూ 1921 సెప్టెంబరు 14న నిర్బంధింపబడినది మన వాల్తేరు స్టేషనులోనే అన్న సంగతి ఎందరికి తెలుసు? అక్కడినుండి ఆయనను కరాచీకి తీసుకొనిపోయి విచారించి రెండేండ్ల శిక్ష వేశారు. వాల్తేరు స్టేషనులో ఆ మౌలానాను పట్టుకొన్న కాలానికీ, గోనెపాడు గాయకుని చేతికి సంకెళ్ళు పడిన కాలానికీ మధ్య ఎడం నిండా ఒక ఏడాదైనా లేదు. ఒకే గాలివాన ఇద్దరినీ తాకింది.

గరిమెళ్ళవారు చదువునూ ఉద్యోగాన్నీ విడిచి ఆ ఉద్యమంలో దూకారు. ఉపన్యాసాలు ఇచ్చేవారు అప్పటికే చాలామంది ఉన్నారు. వారిలో ఎందరో ఇంగ్లీషులో ఆలోచించి తెలుగులో మాట్లాడేవారు. ఈయన పాట కట్టారు. దొరల పాలన మాకు వద్దని తొలి పలుకులోనే తేల్చి చెప్పే ఆ పాట, మాకొద్దీ తెల్లదొరతనము, తెలుగు దేశంలో ఏ పత్రికా చేరలేని చోట్లకు చేరింది.

ఈ పాటను మేము తరగతిలో చెప్పేటప్పుడు ముందుగా ఒక సంగతి గమనించమంటాము. అందులో స్వరాజ్యమనే మాటకు నిర్వచనం లేదు. ఏ రాజ్యాంగ సూత్రమూ లేదు. పంటలు పండుతున్నా కడుపు నిండని మనిషి మొర ఉన్నది. కల్లు, సారా అమ్మి ఇల్లు గుల్లచేసిన ఏలుబడి మీద ఫిర్యాదు ఉన్నది. కోర్టులు పెట్టి పొరుగువారి మధ్య పగలు పెంచిన తీరు మీద ఎత్తిపొడుపు ఉన్నది. పిల్లవాడు గాంధీ టోపీ పెట్టుకొని బడికి పోతే ఓర్వలేని అధికారం మీద వెక్కిరింత ఉన్నది. అన్నిటికన్నా మాకు దగ్గరైనది ఉప్పు ముచ్చట. మూలపేటకు పొరుగునే నౌపడా ఉప్పు మళ్ళు. కళ్ళెదుట సముద్రం, కాళ్ళ క్రింద తెల్లగా పేరిన ఉప్పు; దానిని పిడికెడు ఎత్తుకొంటే నేరం. ఈ తీరవాసులకు ఉప్పు పన్నును గూర్చి ఎవరూ ఉపన్యసించి చెప్పనక్కరలేదు. గాంధీగారు దండికి నడచినది 1930లో. అంతకు దాదాపు తొమ్మిదేండ్ల ముందే గరిమెళ్ళవారు ఉప్పును పాటలోకి తెచ్చారు. ఇది జోస్యమని కొందరు పొగడుతారు. జోస్యం కాదని మా అభిప్రాయం. పేదవాని వంటింటిలోకి తొంగి చూచిన ఏ కవికైనా మొదట కనబడేది ఉప్పే.

ఇక పాట కూర్పు. నూట అరవైకి పైబడిన పంక్తులు. ఒకరు చరణం అందుకొంటే పదిమంది పల్లవి అందుకొనే పద్ధతి. అక్షరం రానివాడు రెండుసార్లు వింటే నోటికి వచ్చే నడక. ప్రతి చరణం చివరా జనం మాటలాడుకొనే తీరులో మర్యాదగా, ఎదుటివానితో మొర పెట్టుకొంటున్నట్లుండే పలుకు. ఆ మర్యాదలోనే ఎగతాళి దాగి ఉన్నది. గిడుగువారు వ్యాసాలలోనూ సభలలోనూ వాదించిన భాషా సూత్రాన్ని ఈయన వాదించలేదు, పాడి చూపించారు. పద్య కవిత్వానికి అలవాటుపడిన ఆనాటి పండితులలో కొందరికి ఇది కవిత్వమేనా అన్న సందేహం కలిగి ఉండవచ్చు. మద్రాసు ప్రభుత్వానికి మాత్రం ఆ సందేహం కలగలేదు. ప్రభుత్వం పాటను నిషేధించింది.

నిషేధం పాటకు రెక్కలు ఇచ్చింది. చిన్న పుస్తకంగా అచ్చయిన గీతాలను జనం చాటుమాటుగా చదువుకొన్నారు, చేతివ్రాతతో ఎత్తుకొన్నారు. నిజానికి పుస్తకం అవసరం కూడా తీరిపోయింది. చీరాల పేరాలలో దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు నడిపిన పోరాటం, పల్నాటి అడవి పుల్లరి పోరాటం సాగుతున్న ఆ సంవత్సరాలలో ఈ పాట ఊరేగింపులకు ముందు నడిచింది. కంఠం బాగా ఉన్నవాడూ పాడాడు, లేనివాడూ పాడాడు.

1922లో ఆయనను పట్టుకొన్నారు. అప్పటి కలెక్టరు బ్రేకన్ దొర గరిమెళ్ళవారిని పిలిపించి, పాట మొత్తం తన ముందు పాడమన్నాడని, తెలుగు రాని ఆ దొర చివరివరకూ విని, భాష తెలియని తనకే ఇంత ఊపు తగిలితే తెలిసినవారి గతి ఏమిటని తలపోశాడని మన ప్రాంతంలో చెప్పుకొంటారు. దొర తలపోసినది ఎవరు విన్నారని విద్యార్థులు మమ్ము అడుగవచ్చు. ఆ మాట నిజమైనా కాకపోయినా, శిక్ష మాత్రం నిజం. ఒక సంవత్సరం జైలు.

గడువు ముగిసి బయటకు వచ్చారు. ఒక ఉద్యోగి ఐతే ఇంటికి పోయేవాడు. ఈయన ఊరూరా తిరిగి మళ్ళీ అదే పాట అందుకొన్నారు. మళ్ళీ పట్టుకొన్నారు. ఈసారి రెండేండ్లకు పైబడిన కఠిన శిక్ష. ఆ శిక్ష అనుభవిస్తున్న కాలంలోనే, 1923లో, తండ్రి మరణించారు. క్షమాపణ చెప్పుకొంటే విడిచిపెడతామన్నది ప్రభుత్వం. ఆయన చెప్పలేదు. ఈ చోట మేము కొంచెంసేపు ఆగాలనుకొంటున్నాము. తండ్రి పోయినప్పుడు కొడుకు ఇంట లేకపోవడమంటే ఏమిటో ఏ మతంవారికైనా ఒకరు చెప్పాలా? ఒక్క కాగితం మీద ఒక్క సంతకం చాలు. చేసి ఉంటే ఎవరూ తప్పుపట్టేవారు కాదు. పైగా అప్పటికి ఉద్యమమే ఆగిపోయి ఉన్నది. చౌరీచౌరా ఘటన తరువాత 1922 ఫిబ్రవరిలో గాంధీగారే దానిని నిలిపివేశారు. గెలుపు కనుచూపు మేరలో లేదు. చూచే జనం లేరు, చప్పట్లు కొట్టే సభ లేదు. ఆ చీకటి కొట్టులో తనకు తాను తప్ప వేరే సాక్షి లేని చోట ఆయన సంతకం పెట్టకుండా ఊరుకొన్నారు. ఆయన జీవితంలో పాట పాడిన క్షణాలకన్నా ఈ ఊరుకొన్న క్షణమే గొప్పదని మాకు తోస్తుంది.

ఉర్దూ సాహిత్యం చదివే మా విద్యార్థులకు ఇక్కడ హస్రత్ మోహానీ గుర్తుకు రాక మానరు. ఆయన 1908లో తన పత్రికలో వచ్చిన వ్యాసానికి జైలుకు పోయి, తిరుగలి విసురుతూ గజళ్ళు అల్లారు. 1921 అహమ్మదాబాదు సభలో సంపూర్ణ స్వాతంత్ర్యం కావాలని పట్టుబట్టారు. గరిమెళ్ళవారూ జైలు కాలాన్ని వృథా పోనివ్వలేదు. తమిళ దేశపు చెరసాలలలో ఉండగా తమిళం, కన్నడం నేర్చుకొన్నారు. దొరతనం శిక్షగా పంపిన చోటును పాఠశాలగా మార్చుకొన్న వారి వరుసలో ఈ ఇద్దరూ ఉన్నారు.

విడుదల తరువాతి జీవితాన్ని గూర్చి వ్రాయడం కష్టం. స్వరాజ్య గీతాలు, హరిజన పాటలు, ఖండకావ్యాలు, బాలగీతాలు అనే పేర్లతో ఆయన రచనలు వెలువడినవి. దండాలు దండాలు భారతమాత అనే పాట కూడా ప్రజల నోట నిలిచింది. హరిజన పాటలు 1923 నాటివని గుర్తుంచుకోవాలి. అంటరానితనం మీద గాంధీగారు దేశమంతా తిరిగిన యాత్ర అందుకు పదేండ్ల తరువాతిది. కాని పాట అన్నం పెట్టలేదు. సర్కారు ఉద్యోగం ఎప్పుడో పోయింది. జైలుకు పోయి వచ్చిన మనిషికి మళ్ళీ ఎవరు ఇస్తారు? బ్రతుకుతెరువు వెదుక్కొంటూ మద్రాసు చేరారు. డాక్టరు కె.ఎన్. కేసరిగారి గృహలక్ష్మి పత్రికలో పనిచేశారు. ఆచార్య రంగాగారి వాహినిలో, ఆ తరువాత ఆంధ్రప్రభలో పనిచేశారు. ఏ కొలువూ నిలువలేదు. తుదకు ఏ పత్రికకు ఏది కావలసివస్తే అది వ్రాసి, ఇచ్చినది పుచ్చుకొని కాలం గడిపారు. దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు ఆదుకొన్నవారిలో ఒకరు. 1938లో పంతులుగారు దాటిపోయారు.

ఆ తరువాత దారి అంతా దిగుడే. ఒక కన్ను పోయింది. పక్షవాతం వచ్చింది. 1947లో దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది. తెల్లదొరతనం వద్దన్న పాట నెరవేరింది. పాడిన మనిషి మద్రాసు వీధులలో యాచనకు దిగవలసి వచ్చింది. ఆ పాటలోనే ఒక చోట, ఈ ఏలుబడిలో మనిషి ఎంగిలి కూటి కోసం కుక్కలతో పోట్లాడవలసి వస్తున్నదని ఆయన వాపోయారు. అప్పుడు అది దేశాన్ని గూర్చిన మాట. పరుల పాలన పోయిన తరువాత, మన పాలనలో, ఆ మాట దాదాపుగా ఆయన సొంత కథ అయింది.

ఇక్కడ మార్లీ వద్దకు ఒకసారి పోయి వస్తాము. ఆయన జీవితమూ సుఖంగా సాగినది కాదు. 1976 డిసెంబరు 3న ఆయన ఇంటి మీద దుండగులు తుపాకులతో దాడిచేశారు. గాయపడిన ఆ మనిషి రెండు రోజుల తరువాత వేదిక ఎక్కి పాడారు. 1978 ఏప్రిలులో బద్ధశత్రువులైన ఇద్దరు రాజకీయ నాయకులను వేదిక మీదికి పిలిచి చేతులు కలిపించారు. 1980లో జింబాబ్వే స్వతంత్రమైన రాత్రి ఆ దేశ రాజధానిలో ఆయన పాట మ్రోగింది. కాన్సర్ వ్యాధితో 1981 మే 11న కన్నుమూసేనాటికి వయస్సు 36 మాత్రమే. ఆయన దేశం ఏం చేసింది? చనిపోవడానికి ముందు నెలలోనే తన అత్యున్నత గౌరవాలలో ఒకటైన ఆర్డర్ ఆఫ్ మెరిట్ ఇచ్చింది. మే 21న ప్రభుత్వ లాంఛనాలతో సాగనంపింది. నగరం నుండి నైన్ మైల్ పల్లెదాకా దారి పొడవునా జనం నిలబడ్డారు.

జమైకావారికి గుణగ్రహణం ఎక్కువ, తెలుగువారికి తక్కువ అని తీర్పు చెప్పడం సులభం. మేము అంత తొందరపడలేము. మార్లీ పాట గ్రామఫోను పళ్ళెంలో ఎక్కింది. పళ్ళెం మీద పేరు ఉన్నది, అమ్మినప్పుడల్లా పేరు మోసుకొని పోయింది, రాబడి తెచ్చింది. గరిమెళ్ళవారి పాట మనుషుల నోట ఎక్కింది. నోటికి నోటికి మారేటప్పుడు పాట మిగిలింది, పేరు రాలిపోయింది. అందరి సొత్తు అయిన పాటకు బాకీ తీర్చవలసినవాడు ఎవడూ లేకుండా పోయాడు. పాడిన వేలమందిలో ప్రతివాడూ అది తనదే అనుకొన్నాడు. గాయకునికి ఇంతకన్నా పెద్ద విజయం లేదు. ఇంతకన్నా పెద్ద నష్టమూ లేదు. ఐతే ఈ వాదం జనం పక్షాన చెల్లుతుంది గాని, జైలులో ఆయన ప్రక్కన ఉండి తరువాత పదవులు అందుకొన్నవారి పక్షాన చెల్లదు. వారికి పేరు తెలుసు, చిరునామా తెలుసు.

1952 డిసెంబరు నెలలో మద్రాసు నగరం అట్టుడికినట్లు ఉన్నది. ఆంధ్ర రాష్ట్రం కోసం నిరాహార దీక్ష పూనిన పొట్టి శ్రీరాములుగారు 15వ తేదీ రాత్రి ప్రాణాలు వదిలారు. తెలుగునాడంతా భగ్గుమన్నది. రైళ్ళు ఆగినవి, తుపాకులు పేలినవి. 19వ తేదీన ఆంధ్ర రాష్ట్రం ఇస్తున్నట్లు నెహ్రూగారు ప్రకటించారు. ఈ రెండు తేదీల నడుమ, 18వ తేదీన, గరిమెళ్ళ సత్యనారాయణగారు కన్నుమూశారు. వయస్సు 59. తెలుగువారి కన్నీళ్ళన్నీ ఆ వారం ఒకే చితి చుట్టూ ఉన్నవి. అందులో తప్పు ఏమీ లేదు. కాని ఆ ముందటి ఐదేండ్ల మాట ఏమిటి?

చివరిగా మా పొరపాటు ఒకటి ఒప్పుకోవాలి. ఒక ఆగస్టు 15 ఉత్సవంలో మా ఇంటర్మీడియట్ విద్యార్థిని ఒకతె ఈ పాటను చక్కగా పాడింది. బహుమతి కూడా వచ్చింది. ఆనాటి కార్యక్రమ పత్రంలో ఆ పాట ఎదుట జానపద గీతం అని అచ్చయి ఉన్నది. ఆ పత్రాన్ని దిద్దినది మేమే. తెలుగులో ఎం.ఏ. చదివి, ఈ జిల్లాలోనే పుట్టి, గోనెపాడు పొలిమేరల మీదుగా ఎన్నోసార్లు బస్సులో పోయి కూడా ఆ రెండు మాటల మీద మా కలం ఆగలేదు. సభ ముగిసిన తరువాత ఆ అమ్మాయి వాళ్ళ నానా మా వద్దకు వచ్చి, సలాము చేసి, ఈ పాట కట్టిన గరిమెళ్ళవారు మన నరసన్నపేట వైపువారు కదా మాస్టారూ అని మెల్లగా అడిగారు. ఆ పెద్దాయన బడికి పోయినది మూడు తరగతులే.

మా గ్రంథాలయంలో గరిమెళ్ళవారి గీతాల ప్రతి ఒక్కటీ లేదు. పాలకవర్గం పెద్దలు వచ్చే ఏడాది పుస్తకాల పద్దులో అందుకు కొంత కేటాయించవలసిందని సవినయంగా మనవి చేస్తున్నాము. ఆ పుస్తకం వచ్చినప్పుడు దానిని మొదట తీసుకొని చదవవలసినవారు, మార్లీ చొక్కా తొడుక్కొని మమ్ము ఈ వ్యాసం అడిగిన ఆ ఇద్దరు విద్యార్థులే.